ముఖం వెడల్పు, తొడలు లావు, పేరు ఓర్మిందా

ఆ శనివారం ఉదయం క్లోదోమీర్ పంటోజా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరున్నరకు రేడియోలో దోనా ఓర్మిందాకు డెబ్బయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలు చదువుతారు. ఎనిమిదింటికి అతను పటాల కొట్టుకు వెళ్ళి, అద్దం కట్టించిన బొమ్మ తెచ్చుకుంటాడు. పదింటికి ఆవిడ ఇంటికి వెళ్ళి, బొమ్మ చేతిలో పెట్టి, ఒక ముక్క కేకు తిని, తపెరెబా చెట్టును కాపాడి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తాడు.

ఈ పథకానికంతటికీ మూలం ఒక ఈగ. సంతరేం విశ్వవిద్యాలయంలో ఓ మూలగదిలో ఉన్న ఈగల పెట్టెలన్నిటికీ క్లోదోమీరే అధిపతి, క్లోదోమీరే బంట్రోతు. ఆరేళ్ళ కిందట, నది ఒడ్డున తకకా అనే వేడి కర్రపెండలం పులుసు అమ్మే దోనా ఓర్మిందా పెరట్లో, ముసలి తపెరెబా చెట్టు మానుకు పడిన గాటులోంచి కారే జిగురు మీద ఆ ఈగ వాలి ఉండగా చూశాడు. గోరంత ఈగ. రాగి రంగు మొహం, పొగచూరిన గాజులాంటి రెక్కలు, ముందుకాళ్ళకు కుస్తీ వస్తాదుకు ఉండాల్సిన తొడలు. అంత అందమైనదాన్ని అతను జన్మలో చూడలేదు. భార్య పెళ్ళి ఫోటోలు బయటికి తీసినప్పుడు మాత్రం ఈ మాట అనడు.

అది కొత్త జాతేనని తేల్చడానికి ఆరేళ్ళు పట్టింది. వెనెజువేలా నుంచి బొలీవియా దాకా ఎక్కడెక్కడి పెట్టెల్లోని ఈగలనో తెప్పించుకుని, ఒక్కొక్క కాలూ, ఒక్కొక్క వెంట్రుకా పోల్చి చూశాడు. తపజోస్ నదికి ఈ ఒడ్డున నలభై ఒక్క చోట్ల వలలు కట్టి, వానలో తడిసి, జ్వరం తెచ్చుకుని, మళ్ళీ వెళ్ళి కట్టాడు. దొరికినవి పదకొండు ఈగలు. పదకొండూ ఆడవే, పదకొండూ ఆ ఒక్క చెట్టు మీదవే. ఇలాంటి ఓపిక లోకంలో చాలా తక్కువమందికి ఉంటుంది; ఉన్నవాళ్ళు కూడా దాన్ని ఈగల మీద ఖర్చు పెట్టరు.

పోయిన వారం అతని వ్యాసం అచ్చయింది. ఆ వారంలోనే దోనా ఓర్మిందా ఓ కబురు చెప్పింది. సోమవారం రంపం మనిషి బెనే వస్తాడు, చెట్టు కొట్టించేస్తుంది.

"నా కుండ చుట్టూ ఈగలు ముసురుతుంటే, అవి గొప్ప ఈగలా మామూలు ఈగలా అని గిరాకీలు అడగరు ప్రొఫెసరూ. ఛీ అని పక్క బండికి పోతారు," అందావిడ.

ఆ చెట్టు పడితే, తెలిసినంతలో ఆ జాతే లేదు. కానీ క్లోదోమీర్ దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. ఈగకు ఆవిడ పేరే పెట్టాడు. తన పేరున్న ప్రాణి ఇల్లు ఏ మనిషైనా కూలగొడుతుందా? ఈగల మనుషుల్లో అంతకు మించిన గౌరవం లేదు. మరుగుదొడ్ల దగ్గర తిరిగే ఓ ఈగకు తన పేరు పెట్టారని తెలిసి అతని గురువుగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"పువ్వుకు పెట్టు, పిట్టకు పెట్టు. ఈగకేమిటి క్లోదో?" అంది భార్య మర్లూసియా, అతని చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"పువ్వు రెండు రోజుల్లో వాడిపోతుంది. ఈగ పేరు వెయ్యేళ్ళుంటుంది," అన్నాడతను గర్వంగా, కాఫీ కలుపుకుంటూ.

మా నదీ తీరంలో ఫోను అందని ఊళ్ళకు రేడియోయే పోస్టుమాన్. ఫలానా వాడి పడవ ఫలానా రోజున వస్తుందనీ, ఫలానా ఆవిడకు మనవడు పుట్టాడనీ, ఫలానా ముసలాయన ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రాలేదనీ, అన్నీ పొద్దున్నే వాల్దెలీరియో గొంతులోనే వినాలి. ముప్ఫయ్యేళ్ళుగా చదువుతున్నాడు. అతను తప్పు చదివాడని నది మీద ఎవరూ అనలేదు.

శుభాకాంక్షల కాగితంతో పాటు క్లోదోమీర్ రెండో కాగితం కూడా జత చేసి ఇచ్చాడు; కనబడితే చెప్పమనీ, చెడకుండా సారాలో వేసి పంపమనీ దాని చివర ఒక ముక్క చేర్చాడు. వ్యాసంలోని వర్ణన అది. దాన్ని మించిన పొగడ్త ఉంటుందని అతనికి తోచలేదు. ఈగల మనుషులు వర్ణన రాస్తే క్రియాపదాలుండవు, మర్యాద మాటలుండవు. 'ఈగ' అన్న మాట కూడా ఉండదు, ఎందుకంటే అది చదివేవాడికి ఈగేనని ముందే తెలుసు. వాల్దెలీరియోకు తెలియదు.

ఆరున్నరయింది. రేడియో గొంతు సవరించుకుంది.

"నది మీదా, నది ఒడ్డునా ఉన్న శ్రోతలకు ముఖ్య గమనిక. ఓర్మిందా. ఆడమనిషి. ముఖం వెడల్పు, రాగి రంగు. కళ్ళు ఉబ్బెత్తు. ఛాతీ మీద ముతక వెంట్రుకలు. తొడలు బాగా లావు, లోపలి వైపు నల్లటి ముళ్ళు. కుళ్ళిన పండ్ల దగ్గర తిరుగుతుంది. చివరిసారి కిందటి అక్టోబరు పద్నాలుగున, సంతరేంలో తపెరెబా చెట్టు మొదట్లో కనబడింది. మరెక్కడా జాడ లేదు. మగమనిషి ఎవరో తెలియదు. చూసినవారు ప్రొఫెసర్ క్లోదోమీర్ పంటోజాకు తెలియజేయగలరు. వీలైతే సారాలో వేసి పంపగలరు. ఓర్మిందాకు డెబ్బయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలు."

"ఎంత స్పష్టంగా చదివాడో విన్నావా!" అన్నాడు క్లోదోమీర్. కళ్ళు చెమర్చాయి.

మర్లూసియా ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే మరిచిపోయింది. "క్లోదో, నువ్వు ఒక పెద్దావిడ తప్పిపోయిందని రేడియోలో చెప్పించావు. ఆవిణ్ని సారాలో వెయ్యమన్నావు."

చొక్కా కాలిన వాసనా, విషయమూ క్లోదోమీర్‌కు ఒకేసారి తెలిశాయి. అంతలో ఫోను మోగింది. ఓబిదోస్ నుంచి ఒకాయన. ఓర్మిందాను చేపల బజారులో చూశాడట. "మొహం వెడల్పేనండీ. తొడల సంగతి మాత్రం చెప్పలేను, గౌను వేసుకుంది." పెట్టేసేలోపు ఇంకొకటి. అలెంకేర్ నుంచి ఒకావిడ ఏడుస్తోంది. "సారాలో ఎందుకు బాబూ? అంటే పోయిందనేగా అర్థం?" మూడోవాడు ఆవిణ్ని మనావుస్ పడవలో చూశాడు, పక్కన కట్టిన ఊయల పడకలో ఓ మీసాలాయన కూడా ఉన్నాడట. మగమనిషి అతనే అయ్యుంటాడని అతని అభిప్రాయం.

క్లోదోమీర్ చెమటలు తుడుచుకుంటూ రేడియోకు ఫోను చేశాడు.

"మీరేం కంగారు పడకండి ప్రొఫెసర్," అన్నాడు వాల్దెలీరియో తృప్తిగా. "మీ కాగితంలో రెండు మూడు తప్పులున్నాయి, నేనే సర్దాను. పొడవు పదకొండు మిల్లీమీటర్లని పడింది, తీసేశాను. 'ముందు తొడలు' అన్నారు, మనిషికి వెనక తొడలెక్కడివి? రెక్కలని కూడా ఏదో ఉంది. మీ మనసు బాగోలేనప్పుడు రాశారని అర్థమైంది."

"ఆవిడ తప్పిపోలేదు! అది ఈగ! ఆ ఈగ ఎవరికైనా కనబడితే చెప్పమన్నాను, అంతే. వెంటనే సవరణ చదవండి!"

"ఎనిమిది గంటల వార్తల్లో పెడతాను. మాట పొల్లుపోదు."

మాట పొల్లుపోలేదు. క్లోదోమీర్ మోటారు సైకిలు మీద వానలో పోతుండగా, దారిలో ప్రతి కొట్టులోంచీ అదే గొంతు వినబడింది. "సవరణ. దోనా ఓర్మిందా తప్పిపోలేదు. ఆవిడ ఒక ఈగ అని ప్రొఫెసర్ తెలియజేస్తున్నారు. ఆవిడలాంటివి మీ పెరట్లో కనబడితే పట్టి పంపగలరు."

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. పటాల కొట్టువాడు అద్దం కట్టిన బొమ్మ చేతికిస్తూ అతని వంక జాలిగా చూసి, "చాలా పోలికలున్నాయండీ," అన్నాడు.

దోనా ఓర్మిందా రేడియో వినలేదు. రేకుల కప్పు మీద వాన మోత, కింద కర్రపెండలం రసం మరుగుతున్న మోత. ఇద్దరు పొరుగింటి ఆడవాళ్ళు కొవ్వొత్తులు పట్టుకుని వచ్చి, ఆవిణ్ని చూసి కెవ్వుమన్నాకే ఆవిడకు తన సంగతి తెలిసింది. క్లోదోమీర్ గేటు తీసేసరికి ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. రంపం మనిషి బెనే కూడా ఉన్నాడు. పలకరించి పోదామని వచ్చాడు పాపం, వృత్తిధర్మంగా రంపం వెంట తెచ్చుకున్నాడు.

"రా ప్రొఫెసరూ. మొహం వెడల్పు. అవును, వెడల్పే. తొడలు లావు. నలభయ్యేళ్ళు నిలబడి తకకా అమ్మితే సన్నబడతాయా?" ఆవిడ అక్కడిదాకా గట్టిగానే అరిచింది, తరువాత గొంతు తగ్గించింది. "కానీ మగమనిషి ఎవరో తెలియదని నది పొడవునా చెప్పిస్తావా? మా ఆయన బంగారం గనులకని పోయి ముప్ఫయ్యొక్క ఏళ్ళు. ఎక్కడున్నాడో తెలియదని నాకు తెలియదా? నువ్వు చెప్పాలా?"

మగ ఈగ దొరకలేదని నిజాయితీగా రాసుకున్న మూడు మాటలు ఒక మనిషి గుండెలో ఎక్కడ తగిలాయో చూసి క్లోదోమీర్ సిగ్గుపడ్డాడు. బొమ్మ ముందుకు చాచాడు. "దోనా ఓర్మిందా, తప్పు నాదే. ఇది మీకు కానుక తెచ్చాను. మీ మీద గౌరవంతోనే..."

ఆవిడ చూసింది. తలగడంత పెద్దదిగా అచ్చువేసిన ఈగ, కింద తన పేరు.

"బెనే," అంది శాంతంగా. "సోమవారం దాకా ఎందుకు? ఇప్పుడే కొట్టెయ్."

బెనే మోటారు రంపం తాడు లాగాడు. వాన తడికి అది దగ్గి ఆగిపోయింది. ఆ సందులో క్లోదోమీర్ వెళ్ళి చెట్టు మొదట్లో చతికిలబడ్డాడు, బురదలో, వీపున కాలిన ఇస్త్రీ చొక్కాతో. "నా మీద కోపం చెట్టు మీద తీర్చకండి. ఈ గాటు మీద వాలేవి లోకంలో ఇంకెక్కడా లేవు. ఆరేళ్ళు వెతికాను. నన్ను ఆ గరిటెతో కొట్టండి, పడతాను," అన్నాడు. ఆవిడ ఆ చివరి మాట గురించి నిజంగానే ఆలోచించింది. బెనే రంపం విప్పి, నూనె వేసి, గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అతనికి తొందరేం లేదు.

పదకొండు దాటాక నదివైపు నుంచి ఏడుపులు వినిపించాయి. అవతలి ఒడ్డునుంచి పడవలో వచ్చిన చుట్టాలు, ఎనిమిది మంది, నల్లబట్టలు వేసుకుని గట్టెక్కుతున్నారు. ముందు నడుస్తున్నది దోనా యూఫ్రాజియా, ఓర్మిందాకు మూడేళ్ళు పెద్ద అక్క. అమ్మ నేర్పిన తకకా ఎవరి చేతిలో సరిగ్గా కుదిరిందన్న తగువుతో అక్కచెల్లెళ్ళిద్దరికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. మొదటి గమనిక వినగానే నల్లబట్టలు వేసుకుని పడవెక్కింది. రెండోది పడవలో విన్నారు. విన్నాక ఏం చెయ్యాలో తెలియకపోయినా, ఆగిన ప్రతి రేవులోనూ చెప్పినట్టే చేసుకుంటూ వచ్చారు.

యూఫ్రాజియా గేటు దగ్గర ఆగి చెల్లెల్ని తేరిపార చూసింది. పరుగెత్తుకొచ్చి కావలించుకుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. మాట ముందు అక్కకే వచ్చింది.

"బతికే ఉన్నావుటే! నల్లబట్టలకు గంజి కూడా పెట్టించాను."

"తకకా తిని పో. సరైనది ఎలా ఉంటుందో తెలుస్తుంది," అంది ఓర్మిందా ముక్కు చీదుకుంటూ.

అప్పుడు చుట్టాలు ఒక్కొక్కరే సంచులు విప్పారు. సారా సీసాలు, మందు సీసాలు, మురబ్బా డబ్బాలు. అన్నిటిలోనూ ఈగలు. ప్రతి సీసాకూ ఊరి పేరు రాసిన చీటీ కట్టి ఉంది. క్లోదోమీర్ బురదలోంచి లేచాడు. రాగి మొహాలు! పొగరంగు రెక్కలు! లావు తొడలు! ఇరవై మూడు ఈగలు, అవతలి ఒడ్డున పద్నాలుగు ఊళ్ళు. ఆరేళ్ళలో తన వల్ల కానిది తిట్లు తినిపించిన ఒక్క గమనిక ఒక్క పూటలో చేసిపెట్టింది. "ఇన్ని చోట్లా! ఇది ఇన్ని చోట్ల ఉందా!" అని గట్టిగా అరిచాడు.

అరిచాక తెలిసింది తన కొంప తానే ముంచుకున్నానని.

"ఇన్ని చోట్ల ఉందిగా," అంది ఓర్మిందా నెమ్మదిగా. "లోకంలో ఇంకెక్కడా లేదన్నావు. అయితే ఈ చెట్టు లేకపోయినా నీ ఈగకేం ఢోకా లేదు. బెనే!"

ఈసారి రంపం ఒక్క లాగుకే మోగింది. వాదన నెగ్గింది ఆవిడే. బెనే మాను చుట్టూ తిరిగి, ఎటు పడుతుందో అంచనా వేసి, రంపం పళ్ళు బెరడుకు ఆనించాడు.

యూఫ్రాజియా అప్పటిదాకా చెట్టు గాటు దగ్గర వంగి చూస్తోంది. "ఆపవయ్యా, చెవులు చిల్లులు పడుతున్నాయి," అని బెనేను ఒక్క కసురు కసిరింది. రంపం ఆగింది. "ఇది మాది కాదు ప్రొఫెసరూ."

"ఏది మీది కాదు?"

"ఈ ఈగ. మావి వాలిందగ్గర్నుంచీ రెక్కలు ఊపుతూనే ఉంటాయి, బట్టలు దులిపినట్టు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. ఇది చూడు, రాయిలా కూర్చుంది. రెక్క కదిపితే ఒట్టు. మా చెల్లెలి లాగే, మొండిది."

క్లోదోమీర్ జేబులోంచి భూతద్దం తీశాడు. చెట్టు మీదున్నదాన్ని చూశాడు. సీసాలోదాన్ని అరచేతిలో పోసుకుని చూశాడు. ఓర్మిందా ఈగకు తొడ కింద ముళ్ళు ఒకే వరుస. అవతలి ఒడ్డుదానికి రెండు. ఇంకో సీసా. రెండు. ఇంకోటి. రెండు. ఇరవై మూడూ చూశాడు.

నది మధ్యలో గీత గీసింది. ఎన్ని వేల ఏళ్ళ కిందటో ఒకే ఈగను రెండు ఒడ్డులకూ పంచి, దేని దారిన దాన్ని పెరగనిచ్చింది. తాను కత్తెరలతో, కటకాలతో ఆరేళ్ళు కుస్తీ పట్టిన శాస్త్రాన్ని ఈవిడ పెరట్లో బట్టలారేస్తూ చూసి పెట్టుకుంది. క్లోదోమీర్‌కు ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. టోపీ తీసి ఊరుకున్నాడు.

"దోనా ఓర్మిందా," అన్నాడు. "అవతలివి వేరే జాతి. కొత్త జాతి. మీది ఇవాళ్టికీ ఈ ఒక్క చెట్టు మీదే ఉంది."

ఓర్మిందా గరిటె దించింది. "ఉండు. మా అక్క ఒడ్డుది పద్నాలుగు ఊళ్ళలో దొరుకుతుందా?"

"పద్నాలుగు ఊళ్ళలో."

"నాది నా పెరట్లో తప్ప దొరకదు?"

"భూమ్మీద ఇంకెక్కడా దొరకలేదు."

ఆవిడ అద్దం కట్టిన బొమ్మ తీసుకుని, గౌను అంచుతో వాన చినుకులు తుడిచి, చేయంత దూరంలో పెట్టుకుని ఈసారి శ్రద్ధగా చూసింది. "మొహం వెడల్పుగా ఉంటే నిండుగా ఉంటుంది," అంది. తరువాత అక్క వైపు తిరిగింది. "ఊరూరా దొరికేది వేరు, వెతికినా దొరకనిది వేరు. అమ్మ తకకా లాగే."

"పద్నాలుగు ఊళ్ళు ఏలేది వేరు, ఒక్క చెట్టు పట్టుకుని వేలాడేది వేరు," అంది యూఫ్రాజియా ఏ మాత్రం తగ్గకుండా. "నా పేరు ఎలా రాస్తారు ప్రొఫెసరూ? 'ఫ్రా' కింద ఒత్తు మర్చిపోకు."

"నీ పేరు పెడతానని ఆయన అన్నాడా?" అంది చెల్లెలు.

"పెట్టక చస్తాడా? కనిపెట్టింది నేనేగా!"

అది కాదనడానికి క్లోదోమీర్ దగ్గర ఏమీ లేదు, కాదనాలనీ లేదు. బెనే రంపాన్ని గోనెలో చుట్టాడు. దోనా ఓర్మిందా అతనికి ఒక చిప్పెడు తకకా పోసి, చెట్టుకు కంచె కట్టాలంటే ఎన్ని కర్రలు కావాలో లెక్క చెప్పమంది. కుండను మాత్రం అవతలి మూలకు జరిపించింది, పైన వల కట్టించింది. ఈగ తనదైనా గిరాకీలు ఊరివాళ్ళు కదా. అందరూ వాన వెలిసేదాకా చెట్టు కిందే కూర్చుని తిన్నారు. ఎవరి తకకా అమ్మ తకకా అన్న తగువు మళ్ళీ మొదటినుంచి మొదలైంది. ఈసారి మాత్రం ఎదురెదురుగా కూర్చుని.

సాయంత్రం పడవ ఎక్కేముందు మిగతా ఏడుగురు చుట్టాలూ క్లోదోమీర్‌ను ఎవరికి వారు పక్కకు పిలిచి, తమ పేరు దోమకు పెట్టినా ఫరవాలేదన్నారు.